మన కుంచం

మా నాన్న సంతకు వెళ్ళినప్పుడల్లా సంచిలో సొంత కుంచం పెట్టుకుని వెళ్ళేవాడు. ఇనప కుంచం, అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉండేది. బంధుగాం సంతకు కొండ మీద నుంచి జాతాపులు, కోదులు వలిసెలూ చోళ్ళూ చింతపండూ దింపుకుని వచ్చేవారు. కింద నుంచి, అంటే పార్వతీపురం వైపు నుంచి, షావుకార్లు వచ్చేవారు. కొనేటప్పుడు షావుకారి కుంచం పైన గుట్ట కట్టేది. అప్పు కింద గింజలు ఇచ్చేటప్పుడు అంచుకు కర్ర ఆడించి చదును చేసేవారు. ఇచ్చే కుంచానికి అడుగు లోపలికి నొక్కి ఉండటం కూడా నేను చూశాను. నాన్న చదువుకున్నవాడు కాదు, తగువులాడే మనిషీ కాదు. తన కుంచం తీసి రాశి పక్కన పెట్టేవాడు, అంతే. "మీదీ కొలవండి, మాదీ కొలుద్దాం" అనేవాడు. రెండూ ఒకటైతే గొడవే లేదు. తేడా వస్తే చుట్టూ నిలబడ్డవాళ్ళు చూసేవారు. ఆ చూపు చాలా పని చేసేది.

ఆ కుంచం నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది 2018 వేసవిలో, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, కొవ్వాడ దగ్గర సముద్రపు ఒడ్డున గైగర్ కౌంటర్ పట్టుకుని నిలుచున్నప్పుడు.

కొండల్లో ఉండే బడిపంతులికి సముద్రపు ఒడ్డున ఏం పని అని మీరు అడగవచ్చు. బరంపురంలో ఉపాధ్యాయ శిక్షణ పొందేటప్పుడు నాతో చదివిన మిత్రుడు ఒకడున్నాడు. గంజాం జిల్లాలో గోపాలపురం దగ్గర తెలుగు జాలర్ల పల్లె వాడిది. ఒడియా వాళ్ళు వాళ్ళను నోళియాలంటారు. ఎన్ని తరాల కిందటో శ్రీకాకుళం తీరం నుంచి తెప్పల మీద వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు. ఇంట్లో ఈనాటికీ తెలుగే. వాడి కూతుర్ని కొవ్వాడ దాపున ఒక పల్లెలో ఇచ్చారు. హైదరాబాదులో పనిచేసే వాడి కొడుకు ఆ గైగర్ కౌంటరు కొని తండ్రికి ఇచ్చాడు. తండ్రికి దాని సంగతి తెలియదు. "నువ్వు సైన్సు మేష్టరువి కదా, నువ్వే చూడు" అని దాన్ని నా ఒళ్ళో పడేశాడు. కథ మొదలైంది అలా.

కొవ్వాడ సంగతి పాఠకుల్లో చాలామందికి తెలుసు. 2009లో కేంద్ర ప్రభుత్వం అణు విద్యుత్తు కోసం సూత్రప్రాయంగా ఒప్పుకున్న స్థలాల్లో అదొకటి. మొదట జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ రియాక్టర్లన్నారు. 2016లో, గుజరాత్‌లోని మీఠీ విర్దీలో కట్టాలనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటిని ఇక్కడికి మార్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. 2017 మార్చి 29న ఆ వెస్టింగ్‌హౌసే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. కంపెనీ తర్వాత చేతులు మారింది, పథకం మాత్రం కాగితం మీద నుంచి పోలేదు. భూమి సేకరణ, నష్టపరిహారం, పునరావాసం అంటూ ఊళ్ళ పేర్లు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఇది రాసే నాటికి అక్కడ ఒక్క రియాక్టరూ లేవలేదు.

లేవకముందే కొలవాలి అన్నది నా పట్టు.

ఎందుకో చెప్పే ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో రెండు మాటలు. లోపల వాయువు నింపిన చిన్న గొట్టం, దాని మధ్య సన్నటి తీగ, తీగకూ గొట్టానికీ నడుమ కొన్ని వందల వోల్టుల విద్యుత్తు. రేడియోధార్మిక కిరణం ఒకటి లోపలికి చొరబడితే వాయువులోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, ఒక్క క్షణం విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ క్షణమే మనకు 'టిక్కు' అని వినిపిస్తుంది. నిమిషానికి ఎన్ని టిక్కులో లెక్కపెట్టుకోవాలి. ఈ భూమి మీద టిక్కు వినిపించని చోటు లేదు. రాయిలో, మట్టిలో, ఇటుకలో, మన ఒంట్లో ఉన్న పొటాషియంలో, ఆకాశం నుంచి దిగే కిరణాల్లో అంతో ఇంతో ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతాయని ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘం లెక్క. అణు కేంద్రాల వంటివాటి వల్ల మామూలు జనానికి అదనంగా తగలగూడని హద్దు ఏడాదికి 1 మిల్లీసీవర్టు.

మొదట బంధుగాంలో మా పెరట్లో పెట్టి చూశాను. టిక్కుకూ టిక్కుకూ నడుమ ఒక ఊపిరి తీసుకునే వ్యవధి. తర్వాత మిత్రుడి ఊరికి వెళ్ళి అక్కడి ఒడ్డున నల్ల ఇసుక చార మీద పెట్టాను. మూకుట్లో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది. మిత్రుడు రెండడుగులు వెనక్కి వేశాడు. పుట్టి పెరిగి, దొర్లి ఆడుకున్న ఇసుక అది!

ఆ ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. తూర్పు కనుమల రాళ్ళు లక్షల ఏళ్ళుగా అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి, కెరటాలు జల్లించగా బరువైన గింజలు ఒడ్డున మిగిలాయి. అందుకే ఛత్రపురంలో అణుశక్తి శాఖ కింద ఇండియన్ రేర్ ఎర్త్స్ వాళ్ళ ఇసుక కర్మాగారం వెలిసింది. 2004లో అచ్చయిన ఒక పరిశోధన ఛత్రపురం ఇసుకలో థోరియం రేడియోధార్మికత సగటున కిలోకు దాదాపు 2,500 బెకరెల్‌లని తేల్చింది. మామూలు నేలలో అది యాభై లోపే ఉంటుంది. అదంతా కర్మాగారం పెట్టింది కాదు, భూమి పెట్టింది. ఈ ముక్క మిత్రుడికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అప్పటికీ వాడు చెప్పులు తొడుక్కునే నడిచాడు.

ఇలాంటి నల్ల ఇసుక అక్కడితో ఆగదు. కళింగపట్నం, శ్రీకూర్మం, భీమునిపట్నం తీరమంతా ఇలాంటి ఖనిజాల చారలే. కొవ్వాడ శ్రీకూర్మానికీ భీమిలికీ మధ్యలో ఉంది. చిక్కంతా ఇక్కడే. రేపు రియాక్టరు లేచి పదేళ్ళు నడిచాక ఎవడో కౌంటరు పెట్టి "ఇక్కడ ఎక్కువ చూపిస్తోంది" అంటాడనుకోండి. "ఇసుకలో ఎప్పటినుంచో ఉన్నదే" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. అది నిజమూ కావచ్చు, కాకనూ పోవచ్చు. పుట్టెడు రాశిలో సోలెడు ఎక్కువ కలిసిందో లేదో చెప్పాలంటే, రాశి మొదట ఎంతో తెలియాలి.

మొదటి లెక్క లేకపోతే ఏమవుతుందో రావత్‌భాటాలో చూశాం. రాజస్థాన్ అణు కేంద్రం 1970ల మొదట్లో పని ప్రారంభించింది. 1991లో గుజరాత్‌లోని వేడ్ఛీ నుంచి 'అణుముక్తి' పత్రిక నడిపే గాడేకర్ దంపతులు, సంఘమిత్ర గారు (ఆమె వైద్యురాలు), సురేంద్ర గారు (ఆయన భౌతికశాస్త్రవేత్త), కొంతమంది కార్యకర్తలతో కలిసి ఇల్లిల్లూ తిరిగారు. కేంద్రానికి దగ్గర ఊళ్ళు ఐదు, దూరపు ఊళ్ళు నాలుగు తీసుకుని జబ్బులూ పుట్టుకతో వచ్చే లోపాలూ రాసుకున్నారు. దగ్గర ఊళ్ళలో లోపాలు ఎక్కువని తేల్చారు. అణుశక్తి శాఖ ఒప్పుకోలేదు. నేను రెండు వైపుల వాదనలూ చదివాను. గాడేకర్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ కేంద్రం రాకముందు అదే ఊళ్ళలో ఎవరూ ఇల్లిల్లూ తిరిగి రాసి ఉంచలేదు కనుక, వాళ్ళు దూరపు ఊళ్ళతో పోల్చుకోవలసి వచ్చింది. దూరపు ఊరు వేరే ఊరు. అక్కడి నీళ్ళు వేరు, తిండి వేరు, వలస వేరు. ఆ సందులోంచే వాదన జారిపోయింది.

ప్రభుత్వం కొలవదా? కొలుస్తుంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కేంద్రం మొదలుకాక ముందే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు పర్యావరణ ప్రయోగశాల పెట్టి మట్టి, నీరు, పాలు, చేపలు పరీక్షించడం మన దేశంలో ఆనవాయితీ. వాళ్ళ పరికరాల ముందు మా పెట్టె ఆటబొమ్మ. కానీ కరెంటు అమ్ముకునే శాఖదే కుంచం, కొలిచే మనిషీ వాళ్ళ మనిషే. షావుకారు అబద్ధమాడతాడని నాన్న ఎప్పుడూ అనలేదు. రాశి పక్కన రెండో కుంచం ఉండాలన్నాడు.

అవతలి దేశాల్లో ఈ రెండో కుంచం సంగతి జనం బాధపడి నేర్చుకున్నారు. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు నామియె అనే ఊరి జనం సముద్రానికి దూరంగా, వాయవ్యాన కొండల్లో ఉన్న త్సుషిమా వైపు పారిపోయారు. గాలి కూడా అటే వెళ్ళింది. దుమ్ము ఎటు పోతుందో చెప్పే ప్రభుత్వపు అంచనాలు ఉన్నాయి. అవి ఆ జనానికి సమయానికి అందలేదు. ఎక్కువ విషం పడ్డచోటే పిల్లలతో తలదాచుకున్నారు. ఆ నెలలోనే సేఫ్‌కాస్ట్ అని కొందరు స్వచ్ఛంద సేవకులు కూడారు. జీపీఎస్ కలిపిన గైగర్ కౌంటర్లు సొంతంగా తయారు చేసుకుని, కార్లకు తగిలించి, ఐదు సెకన్లకు ఒకసారి కొలత నమోదయ్యేలా వీధి వీధీ తిరిగారు. కొలతలన్నీ ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. ఆ పెట్టెకు వాళ్ళు 'బీగైగీ' అని పేరు పెట్టుకున్నారు. 'బీ' అంటే బెంటో, జపానువాళ్ళ సద్దిపెట్టె. ఈ పేరు చెప్పినప్పుడు మిత్రుడి కూతురు నవ్వింది. "మా మావయ్య వేటకి పట్టుకెళ్ళే సద్దిగిన్ని లాగే ఉంది మేష్టారూ" అంది. నవ్వుతూనే, ఎలా పట్టుకోవాలో నేర్చుకుంది.

ఊళ్ళో అందరూ నవ్వలేదు. రామాలయం అరుగు మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్న ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"లేనిదాన్ని కొలిసి ఏటి సేస్తారు మేష్టారూ?"

లేనప్పుడు కొలిస్తేనే వచ్చాక తెలుస్తుందన్నాను.

"సరే. ఇప్పుడే మా ఇసకలో ఎక్కువుందని మీ పెట్టి సెప్పింది. రేపు ఆళ్ళొచ్చి, మీరు ఎప్పట్నించో ఇందులోనే బతుకుతున్నారు కదా, ఇంకొంచెం కలిస్తే ఏటవుద్ది అంటే?"

నా దగ్గర ఉన్న నిజం కూడా ఆయన వైపే మొగ్గింది. కేరళలో కరునాగపల్లి తీరం కూడా మోనజైట్ ఇసుకే. అక్కడ దాదాపు 70,000 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో ఆ సహజ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. మీ ఇసుకను చూసి భయపడకండి అని ఈ సంగతి చెప్పాను. దాచడం తప్పు అనిపించింది. ఆయన తల ఊపి, "అయితే కొత్తదీ ఏటీ సెయ్యదనే అంటారు మరి" అన్నాడు. ఇసుకలో థోరియం గింజలో బిగిసి ఉంటుంది, రియాక్టరులో పుట్టే సీసియం, అయొడిన్ గాలిలోకీ నీటిలోకీ పోయి తిండిలో చేరగలవు, రెండూ ఒకటి కాదు అన్నాను. మాట సరైనదే. కానీ రోడ్డు కూడలిలో మైకు ముందు ఏ మాట నిలబడుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆయన భార్య కాబోలు, అంతసేపూ వల బాగుచేస్తూ కూర్చున్న ముసలమ్మ చివర్లో ఒక్క మాట అంది. "బాబూ, రేడియేసను అన్న మాట ఊరు దాటి ఎల్తే మా సేప ఎవుడు కొంటాడు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న కుంచం తీసుకువెళ్ళింది తన గింజలు కొలవడానికి. నేను పట్టుకొచ్చింది వాళ్ళ గింజల్లోకి. తేడా వస్తే నష్టపోయేది నేను కాదు. తెల్లారి పెట్టె సంచిలో వేసుకుని తిరిగి వెళ్దామనే అనుకున్నాను. ఆపింది మిత్రుడి కూతురు. "పుస్తకం మా దగ్గరే ఉంటుంది కదా మేష్టారూ, ఎవరికి చూపించాలో మేం చూసుకుంటాం" అంది. పదో తరగతి దాకా చదివిన పిల్ల. ఇంత పుస్తకాలు చదివిన నాకు ఆ ఏర్పాటు తట్టలేదు. సేఫ్‌కాస్ట్ వాళ్ళలా కొలతలు లోకమంతటికీ బయట పెట్టాలనే నేను అనుకుంటూ వచ్చాను. జపాను వేరు. చేప అమ్ముకుంటేనే పొయ్యి వెలిగే ఇల్లు వేరు.

అలా మొదలైంది. ఏడు చోట్లు ఎంచుకున్నాం: రేవు, గుడి అరుగు, బడి మెట్లు, ఊరి బావి, జీడితోట, సరుగుడు తోపు, మిత్రుడి వియ్యంకుడి గడప. నేల నుంచి ఒక మీటరు ఎత్తున, కొలిచి నరికిన వెదురు కర్రకు పెట్టె కట్టి, ఒక్కొక్క చోట పది నిమిషాలు. ప్రతి పదిహేను రోజులకూ ఒకే పూట. గడులు గీసిన లెడ్జరు పుస్తకంలో తేదీ, చోటు, టిక్కులు, గాలి ఎటు, వాన ఉందా. చివరి గడి 'ఎందుకు' అని. ఒక్కసారి కొలిచింది లెక్క కాదని వాళ్ళకు త్వరగానే బోధపడింది. తొలకరి వాన పడ్డ గంటలో టిక్కులు పెరిగాయి. వాన గాలిలోని రేడాన్ తాలూకు దుమ్మును కిందికి దింపుతుంది. కొన్ని గంటల్లో అది తగ్గిపోతుంది. అది తెలియనివాడు వానకే కంగారు పడతాడు.

ఈ పెట్టె చెప్పలేనివీ ఉన్నాయి. అణు కేంద్రాలు నీటితో వదిలేవాటిలో ట్రిటియం ఒకటి. దాని కిరణం ఎంత బలహీనమంటే గొట్టం గోడ కూడా దాటలేదు. మా కౌంటరుకు అది వినపడదు. చేప పొట్టలో ఏముందో కూడా ఈ పెట్టె చెప్పదు, దానికి ప్రయోగశాల కావాలి. ఇదంతా పుస్తకం మొదటి పేజీలో రాయించాను. మన కుంచం ఏది కొలవలేదో మనకు ముందు తెలియాలి. లేకపోతే టిక్కులు పెరగలేదు కనుక ఏమీ లేదని మన పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. కొవ్వాడ దానికి దక్షిణాన ఉంది కనుక ఉద్దానంలో కొబ్బరితోటలు కూలినట్టు ఇక్కడ కూలలేదు గానీ, సముద్రం ఒడ్డును కోసి పోసింది. తుపాను తగ్గాక ఆ అమ్మాయి నుంచి ఫోను వచ్చింది. గొంతులో వణుకు. "రేవు దగ్గర ఎప్పుడూ లేనంత చూపిస్తోంది మేష్టారూ. పెట్టె పాడైందా?"

మిగతా చోట్ల ఎంత అని అడిగాను. బడి మెట్లు, బావి, గుడి అన్నీ మామూలే. రేవు ఒక్కటే. ఒడ్డున ఇసుక ఎలా ఉంది అని అడిగాను. కొంచెంసేపు ఆగి, "నల్లగా ఉంది. మొత్తం నల్లగా పరిచినట్టుంది" అంది. తేలికైన తెల్ల ఇసుకను కెరటాలు లాక్కుపోయి, బరువైన నల్ల గింజలను మిగిల్చిపోయాయి. పక్కన రియాక్టరు లేదు, గొట్టం లేదు, ఏ మనిషి చేసిన తప్పూ లేదు. ఇదే తుపాను పక్కన ఆరు రియాక్టర్లు నడుస్తున్న రోజుల్లో వచ్చి ఉంటే? అటువాళ్ళు ఇసుకేనంటారు, ఇటువాళ్ళు కాదంటారు, చూపించుకోవడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు. ఇప్పుడు ఉంది. తుపాను ఇసుక రేవులో టిక్కుల్ని ఎంత పెంచుతుందో, అది మళ్ళీ ఎన్ని నెలలకు తగ్గుతుందో ఆ ఊరి దగ్గర సొంత దస్తూరీలో ఉంది. సంక్రాంతి నాటికి తెల్ల ఇసుక తిరిగి చేరింది, టిక్కులూ దిగాయి.

ఫోను పెట్టేసే ముందు, అరుగు మీద పెద్దాయన ఏమన్నాడని అడిగాను. ఆ సాయంత్రం తనే రేవుకు వచ్చి, పది నిమిషాలూ కర్ర పట్టుకుని నిలబడ్డాడట. ఏమీ అనలేదట.

పుస్తకం నకలు మూడు నెలలకోసారి బంధుగాం చేరుతుంది. ఎవరికీ చూపించకూడదని షరతు. ఈ వ్యాసానికి కూడా వాళ్ళను అడిగి, అంకెలు లేకుండానే రాస్తున్నాను. వాటిని నాన్న కుంచం ఉన్న పెట్టెలోనే పెడుతున్నాను. మొన్న వచ్చిన పేజీల్లో ఒక పక్షం మొత్తం గడులు ఖాళీగా ఉన్నాయి. 'ఎందుకు' అన్న గడిలో మాత్రం రాసి ఉంది: "ఊళ్ళో పెళ్ళి. కర్ర పందిరికి వాడారు. కొత్తది మీటరుకు కొలిచి నరికాం."